తప్పిపోయిన మనిషి ఫొటో ఒక జిల్లా పేజీలో, మనిషి ఇంకో రాష్ట్రంలో

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపరు మా ఊరికి మధ్యాహ్నం దాటితే గానీ రాదు, అదీ కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా పేజీతో వస్తుంది. అయినా తెప్పించుకుని చదివే పాత పాఠకుణ్ణి కాబట్టి కొంచెం చనువుగానే రాస్తున్నాను. ఈమధ్య ఆ పేజీలో ఓ వార్త చూశాను. మతిస్థిమితం లేని వ్యక్తి బస్టాండు దగ్గర హల్‌చల్ చేశాడని, దుకాణాల మీద రాళ్ళు విసిరాడని, స్థానికులు తాళ్ళతో కట్టేసి దేహశుద్ధి చేసి పోలీసులకు అప్పగించారని. ఫొటో కూడా వేశారు, మొహం బాగా కనబడేలా. వార్త అక్కడితో అయిపోయింది. అప్పగించాక ఏమైంది? ఆస్పత్రికి తీసుకెళ్ళారా, ఏ ఊరివాడో కనుక్కున్నారా, లేక పొలిమేర దాటించి వదిలేశారా? మిమ్మల్ని ఒక్కరినే అనడం లేదు లెండి, ఇక్కడి మరాఠీ పేపర్లదీ ఇదే వరస. కానీ నేను చదివేది మీదే, కాబట్టి మిమ్మల్నే అడుగుతాను.

నాది మహారాష్ట్రలోని రాజురా తాలూకాలో, రైల్వే లైనుకు దగ్గర్లో ఉన్న ఓ ఊళ్ళో మందుల షాపు. ఊరి పేరు రాయను, నేను చెప్పబోయేది మా ఒక్క ఊరి సంగతే కాదు, పైగా పేరు రాస్తే రేపు పొద్దున షాపు ముందుకొచ్చి మా గురించే రాశావా అని నిలదీసేవాళ్ళూ ఉన్నారు. 1956కి ముందు మా తాలూకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది, అందుకే ఇంట్లో తెలుగు, బళ్ళో మరాఠీ, బజార్లో హిందీ, సంతకొచ్చే గోండులతో వాళ్ళ మాటలు నాలుగు, ఇలా నడుస్తుంది మాకు. ఢిల్లీ నుంచి చెన్నైకీ హైదరాబాద్‌కీ పోయే పెద్ద లైను మా మీదుగానే వెళ్తుంది. జనరల్ బోగీలో బాత్రూమ్ పక్కన కూర్చుని ఏ బీహార్ నుంచో ఏ ఒంగోలు నుంచో వచ్చిన మతిస్థిమితం లేనివాళ్ళు టీసీ దించేసిన చోటో, ఆకలేసిన చోటో దిగిపోతారు. బల్లార్షాలో దిగినవాళ్ళు కొందరు పాసింజరెక్కి, కొందరు పట్టాల వెంట నడుచుకుంటూ మా దాకా వస్తారు.

మా వాళ్ళు చెడ్డవాళ్ళని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. తిండి పెడతారు. టీ కొట్టతను పొద్దున్నే మొదటి టీ కాయగానే కాగితం గ్లాసులో పోసి అరుగు చివర పెడతాడు, చేతికివ్వడు, పెట్టి పక్కకు జరుగుతాడు. టిఫిన్ సెంటర్ ఆవిడ మిగిలిన పోహా పొట్లం కట్టి ఇస్తుంది. గణపతి నవరాత్రుల్లో అన్నదానం పెడితే వాళ్ళకీ ఓ విస్తరి పడుతుంది, కాకపోతే పంక్తికి దూరంగా. కానీ నీ పేరేంటని అడిగేవాళ్ళు ఉండరు. నెలల తరబడి ఒకే మెట్ల కింద పడుకున్న మనిషి కూడా మాకు 'ఆ పిచ్చోడు', 'సంచుల ముసలమ్మ', అంతే. పిల్లలు గులకరాళ్ళు విసురుతుంటే, ఏయ్ కరుస్తాడ్రా అని పిల్లల్ని వెనక్కి లాగుతాం తప్ప విసరొద్దని చెప్పం.

మే నెలలో మా చంద్రపూర్ జిల్లా ఎండ ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు, 46, 47 డిగ్రీలు మాకు మామూలే. ఆ ఎండలో ఒకతను రెండు స్వెట్టర్లు, వాటి మీద రెయిన్ కోటు వేసుకుని నా షాపు షట్టరు పక్కన నీడలో కూర్చునేవాడు. విప్పితే ఎవరన్నా ఎత్తుకుపోతారని భయం. కాలి మడమ దగ్గర పుండు, దాని చుట్టూ ఈగలు. డ్రెస్సింగ్ చేద్దామంటే కాలు ముట్టుకోనివ్వలేదు. సరే అని గాజుగుడ్డ చుట్ట, అయోడిన్ సీసా పక్కన పెట్టి వచ్చేస్తే సాయంత్రానికల్లా తనే కట్టుకున్నాడు, వంకరటింకరగా, ముడి మాత్రం గట్టిగా వేశాడు. ఆ సంగతి చెబితే బజార్లో ఎవరూ నమ్మలేదు, పిచ్చోడికి కట్టు కట్టుకోవడం ఏం తెలుసన్నారు.

ఆడవాళ్ళ పరిస్థితి ఇంకా ఘోరం. రాత్రిళ్ళు వాళ్ళకేం జరుగుతుందో వీధి మొత్తానికీ తెలుసు, ఒక్కరూ నోరెత్తరు. కడుపుతో కనబడ్డాక మాత్రం అయ్యో పాపం అంటారు.

ఇక గొడవ కాస్త ఎక్కువైతే అందరికీ తట్టే ఉపాయం ఒక్కటే, రైలెక్కించేయడం. తెలుగు మాట్లాడితే కాజీపేట వైపు, హిందీ మాట్లాడితే నాగ్‌పూర్ వైపు, అసలేమీ మాట్లాడకపోతే ముందొచ్చిన బండి. పీడ విరగడైందనుకుంటాం. అటు వైపు ఊళ్ళవాళ్ళూ సరిగ్గా ఇదే చేస్తారు, అందుకే కొన్ని మొహాలు మళ్ళీ మళ్ళీ కనబడుతుంటాయి.

పోయిన ఎండాకాలం ఓ తెలుగావిడ వచ్చింది. యాభై ఏళ్ళుంటాయేమో, ఉల్లిగడ్డల సంచి నిండా ఖాళీ నీళ్ళ బాటిళ్ళు. మరాఠీలో కసిరితే పలికేది కాదు. మా ఆవిడ వెళ్ళి "అక్కా, అన్నం తింటవా" అంటే తల తిప్పి చూసి "కూరేంది?" అని అడిగింది. ఆ రోజు నుంచి మా ఆవిడతో మాత్రం మాట్లాడేది, ఊరు పేరు అడిగితే మాత్రం మూగనోము. మా ఆవిడ వేరే దారి పట్టింది. మీ ఇంటి ముంగట నిలబడితే ఏం కనబడతది అని అడిగింది. పొగగొట్టాలు అంది. పక్కన వింటున్నవాళ్ళు, అయితే చంద్రపూర్ థర్మల్ పక్క మనిషే, అటు పంపేద్దాం అని తేల్చేశారు. మా ఆవిడ పుట్టిల్లు గోదావరిఖని, తను ఊరుకోలేదు. మీ దగ్గర బొగ్గు బావి ఉందా, బతుకమ్మను ఎక్కడ వేస్తరు అని అడుగుతూ పోయింది. "గోదారిల" అంది ఆవిడ, ఇంతమాత్రం తెలియదా అన్నట్టు. బతుకమ్మను గోదావరిలో వేసే ఊరు, పొగగొట్టాలు కనబడే ఊరు, అంటే రామగుండం చుట్టుపక్కల. అంతవరకు తేలింది.

ఆ ముక్క చెప్పి రాసుకోమందామని ఓ పోలీసు స్టేషన్‌కి వెళ్తే, ఇంట్లోవాళ్ళ కంప్లయింట్ ఉంటే పట్రండి, లేకపోతే మేమేం రాసుకోవాలి అన్నారు. ఇంట్లోవాళ్ళెవరో తెలియకే కదా మేం వెళ్ళింది! ఆ తర్వాత మేం పెళ్ళికని ఊరెళ్ళి వచ్చేసరికి ఆవిడ లేదు. కుర్రాళ్ళు కొందరు రాత్రి బండికి ఎక్కించేశారు. మీ తెలుగోళ్ళ దగ్గరికే పంపాం కదా కాకా అన్నారు, పుణ్యం చేసినట్టే చెప్పారు. వానలు పడ్డాక ఆవిడ తమ్ముడొచ్చాడు, స్టేషన్లో స్తంభం స్తంభానికీ ఫొటో అంటించుకుంటూ, "అన్నా, మా అక్క గిట్ల ఏమన్న వచ్చిందా" అని షాపు షాపుకీ చూపించుకుంటూ. వాళ్ళ ఊరి పోలీసు స్టేషన్‌లో మిస్సింగ్ కేసు అప్పటికే రాసి ఉంది. మీ పేపర్లో 'కనబడుట లేదు' అని ప్రకటన కూడా ఇచ్చారు, అప్పు చేసి మరీ. పెద్దపల్లి జిల్లా పేజీలో వచ్చిందది. మాకొచ్చేది ఆసిఫాబాద్ పేజీ. అతను జేబులోంచి తీసిన పేపరు ముక్క మీద తేదీ చూస్తే, ఆ రోజున ఆవిడ మా వీధిలోనే ఉంది.

అతను ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాడు, దసరాకి ఫోన్ చేశాడు.

నాకు అర్థమైనంతవరకు మొత్తం తంటా ఇక్కడే ఉంది సార్. తప్పిపోయిన చోట రాస్తారు, దొరికిన చోట రాయరు. రెండూ రాస్తే కదా ఒకదానికొకటి కలిసేది. పోనీ చట్టం లేదా అంటే ఉంది. 2017లో చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే నుంచి అమల్లో ఉంది. దాని 100వ సెక్షన్ చదివితే ఇంత స్పష్టంగా రాశారా అనిపిస్తుంది. మానసిక జబ్బుతో తనను తాను చూసుకోలేని స్థితిలో తిరుగుతున్న మనిషి కనబడితే ఆ పోలీసు స్టేషన్ అధికారి రక్షణలోకి తీసుకోవాలి, 24 గంటల్లోపు దగ్గర్లోని ప్రభుత్వ ఆస్పత్రికి చేర్చాలి, లాకప్పులో గానీ జైల్లో గానీ పెట్టకూడదు. ఇల్లూ వాకిలీ లేకుండా తిరుగుతున్న మనిషైతే తప్పిపోయిన వ్యక్తిగా ఎఫ్ఐఆర్ రాయాలి, కుటుంబాన్ని వెతికి కబురు చేసే బాధ్యత కూడా ఆ అధికారిదే. అంటే ఇంటివాళ్ళ కంప్లయింట్ కోసం కూర్చోనక్కర్లేదు, వెతకాల్సింది వాళ్ళే. ఈ సెక్షన్ సంగతి మా ఊళ్ళో ఎవరికీ తెలియదు, తెలియాల్సిన వాళ్ళకు కూడా.

ఇందులో ఓ విచిత్రం ఉంది. మా పక్క జివతి తాలూకాలో 14 ఊళ్ళున్నాయి, వాటిని మహారాష్ట్ర మాదంటుంది, తెలంగాణ మాదంటుంది. అక్కడివాళ్ళలో చాలామందికి రెండు ఓటరు కార్డులు, రెండు రేషన్ కార్డులు, రెండు ప్రభుత్వాల పథకాలు. ఎన్నికలొస్తే రెండు వైపుల నుంచీ జీపులొస్తాయి. అదే హద్దు మీద పట్టాల పక్కన పడున్న మనిషి మాత్రం ఏ రాష్ట్రానికీ అక్కర్లేదు, మీవాడంటే మీవాడని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు.

మరి ఇంట్లోవాళ్ళు ఏం చేస్తున్నారు, వదిలేసి చేతులు దులుపుకున్నారు కదా అంటారు చాలామంది. మందుల షాపులో కూర్చునేవాణ్ణి, నాకు కనబడేది వేరు. ఓ తండ్రి నెలనెలా కొడుకు చీటీ పట్టుకుని వస్తాడు, మానసిక జబ్బుకు వాడే ఒలాంజపిన్ మాత్రలకు. నాలుగు నెలలు వస్తాడు. కొడుకు బాగుపడతాడు, పొలం పనికి పోతాడు, ఇక తగ్గిపోయిందిలే అని మాత్ర ఆపేస్తారు. లేదా చీటీ పాతదైపోతుంది, కొత్త చీటీ కావాలంటే మళ్ళీ డాక్టరు దగ్గరికి పోవాలి, నాగ్‌పూర్ మానసిక ఆస్పత్రి మాకు 150 కిలోమీటర్ల పైనే, హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ ఆస్పత్రి అంతకు రెట్టింపు. ఒక రోజు కూలి, ఇద్దరికి చార్జీలు, దారిలో కొడుకు బండి దిగి పారిపోతాడేమోనన్న టెన్షన్. చీటీ లేకుండా ఆ మందు ఇవ్వడం తప్పు, నేనివ్వను. కొన్నాళ్ళకు చెవిలో ఎవరివో మాటలు వినబడటం మళ్ళీ మొదలవుతుంది, ఓ రాత్రి తలుపు తీసుకుని వెళ్ళిపోతాడు. రెండు, నాలుగు వారాలకోసారి వేసే ఇంజెక్షన్లున్నాయి, రోజూ మాత్ర మింగించే బాధ తప్పుతుంది, అవి తాలూకా ఆస్పత్రిలో ఎప్పుడూ దొరికితే ఇలా తలుపు తీసుకుని పోయేవాళ్ళు సగానికి సగం తగ్గుతారని నా గట్టి నమ్మకం. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో రకరకాల మానసిక రుగ్మతలున్నవాళ్ళలో 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదని తేల్చారు, ఆ అంకె చూసి నేనేమీ ఆశ్చర్యపోలేదు.

గొలుసులు వేసే ఇళ్ళూ ఉన్నాయి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో మానసిక రోగులను ఉంచిన కొట్టం అంటుకుంటే గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది ప్రాణాలు పోయాయి. ఇప్పటి చట్టం ఎవరినీ ఏ రకంగానూ గొలుసుతో కట్టకూడదంటుంది, సరైనదే. కానీ కూలికి పోయే తల్లి కొడుకు కాలికి గొలుసేసి తలుపు గొళ్ళెం పెట్టి పోతే, ఆమెను తిట్టే ముందు ఆ ఊరికి డాక్టరు ఎంత దూరమో అడగాలి. గొలుసు లేకపోతే ఆ కొడుకు మా రైల్వే స్టేషన్లో ఉంటాడు. చైత్రంలో చంద్రపూర్ మహాకాళి జాతరకు కూడా ఇలాంటివాళ్ళను మొక్కుకని తీసుకొస్తారు, మొక్కుకోవడం తప్పని నేననను, నేనూ పోతాను, మాత్ర మాత్రం ఆపకండి అని వచ్చినవాళ్ళందరికీ చెప్తుంటాను, వినేవాళ్ళు వింటారు.

అన్నిటికన్నా నాకు భయం వేసేది ఫోన్లో తిరిగే పుకార్లంటే. పిల్లల్ని ఎత్తుకుపోయే గ్యాంగ్ దిగిందని ఓ వీడియో వస్తుంది, ఎక్కడిదో ఎప్పటిదో. అప్పటిదాకా టీ పోసిన చేతులే కర్రలు పట్టుకుంటాయి. 2018 జూలై 1న మా రాష్ట్రంలోనే, ధూళే జిల్లా రైన్‌పాడాలో, భిక్షాటనకొచ్చిన సంచార కులంవాళ్ళను ఐదుగురిని ఇలాగే కొట్టి చంపారు. వాళ్ళు మతి బాగున్నవాళ్ళు, ఫలానా ఊరివాళ్ళమని నోరు తెరిచి చెప్పుకోగలిగినవాళ్ళు. అయినా ఎవరూ వినలేదు. పేరు కూడా చెప్పలేని మనిషి ఆ గుంపు చేతికి చిక్కితే? 2021లో మా జివతి తాలూకా వణి ఖుర్ద్‌లో చేతబడి చేశారని ముసలివాళ్ళని కూడా చూడకుండా స్తంభాలకు కట్టేసి కొట్టారు, వాళ్ళు అదే ఊరివాళ్ళు.

ఇలా మతి తప్పి తిరిగేవాళ్ళ వల్ల ప్రమాదం లేదా అంటే, నేనేమీ కబుర్లు చెప్పను. నా షాపు అద్దం కూడా ఓసారి పగిలింది. అద్దానికి పదిహేను వందలయ్యాయి, తిట్టుకున్నాను కూడా. కానీ ఆ అద్దం పగలగొట్టినతనికి కావలసింది సూది మందు, ఓ మంచం, రెండు పూటలా అన్నం. తన్నులు కావు. తన్ని రైలెక్కిస్తే ఇంకో ఊళ్ళో ఇంకో అద్దం పగులుతుంది.

వీళ్ళు బాగుపడరు, ఇళ్ళకు చేరరు అనుకునేవాళ్ళకు మా రాష్ట్రంలోనే జవాబుంది. డాక్టర్ భరత్ వాట్వానీ అని సైకియాట్రిస్టు, కర్జత్‌లో శ్రద్ధ పునరావాస కేంద్రం నడుపుతున్నారు, రోడ్ల మీద తిరిగేవాళ్ళను తెచ్చి వైద్యం చేసి దేశం నలుమూలలా వేలమందిని ఇళ్ళకు చేర్చినందుకు 2018లో రామన్ మెగసెసే అవార్డు ఇచ్చారు. మందు పడితే చాలామందికి ఊరు గుర్తొస్తుంది. కానీ అన్ని ఊళ్ళకూ కర్జత్ రాదు కదా. మా హద్దు ఊళ్ళవాళ్ళకు ఓ సౌకర్యం ఉంది, నాలుగు భాషలు నోట్లో ఉన్నాయి. వాళ్ళు తినే కూర, మొక్కే దేవుడు, ఇంటి ముందు కనబడేది, ఇవి పట్టుకుని ఊరు దగ్గరికి పోగలం. మా ఆవిడ చేసింది అదే. తను తీసిన ఆ ఆచూకీని రాసుకునే చోటు లేకపోయింది.

అందుకే మిమ్మల్ని అడిగేది. 'కనబడుట లేదు' ప్రకటనలు ఒక్క జిల్లా పేజీలో వేసి వదిలేయకండి, వారానికో రోజు వాటన్నిటినీ కలిపి ఆసిఫాబాద్, ఆదిలాబాద్, మంచిర్యాల, భూపాలపల్లి పేజీల్లో వేయండి, ఇటు రాజురా, బల్లార్షా, సిరొంచా దాకా చూస్తారు. ఇంటివాళ్ళు వెతకడానికిచ్చిన ఫొటో వేరు, తాళ్ళతో కట్టేసిన మనిషి ఫొటో వేరు, రెండోది మానేయండి. ఆస్పత్రిలో ఉన్న మానసిక రోగి ఫొటోనే అనుమతి లేకుండా పేపరుకివ్వకూడదని చట్టం చెప్తుంటే రోడ్డు మీద ఉన్నవాడికి ఆపాటి మర్యాద లేదా? పోలీసులకు అప్పగించారని రాసిన విలేకరి మర్నాడు ఫోన్ చేసి ఎఫ్ఐఆర్ అయిందా, ఏ ఆస్పత్రి అని అడిగితే చాలు, సగం పని జరుగుతుంది. ఆ 100వ సెక్షన్‌ను తెలుగులో ఓ మూల బాక్సు కట్టి వేస్తే నేను కత్తిరించి షాపులో అతికిస్తాను. పక్కనే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 కూడా వేయండి, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు, మాత్ర ఆపాలా వద్దా అని నన్నడిగే బదులు వాళ్ళను అడుగుతారు.

ప్రకటనలకు ఎడిషన్‌కింత అని డబ్బు కట్టాలట, ఆ తమ్ముడు చెప్పాడు. కూలి చేసుకునేవాడు నాలుగు జిల్లాల పేజీలకు ఎక్కడి నుంచి తెస్తాడు? ఉచితంగా వేయలేమంటే ఎంతవుతుందో ఈ శీర్షిక కిందే జవాబివ్వండి, మా వ్యాపారుల సంఘంలో అడిగి చూస్తాను, గణపతి చందాలో మిగిలింది కొంత ఉంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
మందుల షాపు యజమాని,
రాజురా తాలూకా, చంద్రపూర్ జిల్లా, మహారాష్ట్ర